వజ్రాల వేటకు పన్నెండు మంది పిల్లలు

జూన్‌లో కర్నూలుకు వస్తే మా పుట్టింట్లో మాటలన్నీ వజ్రాల చుట్టూనే తిరుగుతాయి. తొలకరి ఒక్కటి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు దించుకుని నడుస్తుంటారు. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గరా అదే వరస. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయని ఆశ. సద్దిమూట కట్టుకుని, చెట్టు కింద మకాం వేసి మరీ వెతుకుతారు.

ఈసారి నేనున్న వారంలోనే పక్కవీధి అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పై నెల డాలస్ వెళ్తోంది. వీసా, స్కూలు, చలికోట్లు అన్నీ అడిగాక అసలు టెన్షన్ బయటపెట్టింది. "అక్కా, పాపకు సెప్టెంబర్‌లో ఏడేళ్లు నిండుతాయి. అక్కడ పుట్టినరోజంటే ఏదో ఒక థీమ్ ఉండాలంట కదా. లేకుంటే పిల్లలు నవ్వుతారంట. ఎంతవుతుంది?"

నేను అమెరికా వెళ్లి 18 ఏళ్లయింది. ఇద్దరు పిల్లల పుట్టినరోజులూ చాలావరకు మా గ్యారేజీలోనే జరిగాయి. థీమ్ అంటే బొమ్మలున్న ప్లేట్లు, అదే బొమ్మతో బ్యానరు, అదే బొమ్మతో టోపీలు అనుకుని మొదటి రెండేళ్లు నేనూ డబ్బు దండగ చేశాను. ప్లేటు మీద బొమ్మను పిల్లలెవరూ చూడరు, దాని మీద కేకు పెట్టేస్తాం కదా. ఆ రెండు గంటలూ చేతులతో ఏం చేశారన్నదే వాళ్లకు గుర్తుంటుంది. అదే థీమ్. ఆ పని మీకు తెలిసిందైతే సగం శ్రమ తప్పుతుంది.

మా అబ్బాయి ఏడో పుట్టినరోజుకు నాకు తట్టింది మన వజ్రాల వేటే. పిల్లలు నీళ్లాడుకునే ప్లాస్టిక్ తొట్టి ఒకటి, 50 పౌండ్ల ప్లే సాండ్ మూటలు రెండు, వంటింట్లోని జల్లెళ్లు, పాత పెయింట్ బ్రష్‌లు. ఇసుకలో గులకరాళ్లు ఎక్కువ, మెరిసే ప్లాస్టిక్ రాళ్లు తక్కువ కలపాలి. అన్నీ వజ్రాలే అయితే పది నిమిషాల్లో ఆట అయిపోతుంది. దొరక్క దొరక్క దొరికితేనే కేక పెడతారు. మూడేళ్ల లోపు తమ్ముళ్లూ చెల్లెళ్లూ వెంట వస్తే వాళ్లను ఆ తొట్టి దగ్గరికి రానివ్వకండి, చిన్న రాళ్లు నోట్లో పెట్టుకుంటారు.

ఇక్కడే ఒక తెలివితక్కువ పని చేశాను. తెల్ల ఇసుక చూస్తే మన చేను గుర్తుకు రావడం లేదని, ఎర్రమట్టిలా కనిపించాలని ఇంట్లో ఉన్న కుంకుమ పొట్లాలు రెండు అందులో కలిపాను. చూడ్డానికి అచ్చం తుగ్గలి నేలే. గంట తర్వాత చూస్తే 12 మంది పిల్లల అరచేతులు, మోకాళ్లు, తెల్ల టీషర్టులు అన్నీ ఎర్రగా ఉన్నాయి. తీసుకెళ్లడానికి వచ్చిన ఒక తల్లి గుమ్మంలోనే ఆగి, దెబ్బ తగిలిందా అని కంగారుపడింది. ఇసుకను ఇసుకలాగే ఉంచండి.

అసలు సందడి వెతకడంలో కూడా కాదు, అమ్మడంలో ఉంది. ఊళ్లో దొరికిన రాయిని వ్యాపారులు బేరమాడి కొంటారు కదా, ఆ వేషం మా ఆయనకు ఇచ్చాను. భుజాన తువ్వాలు, ముందు మడత బల్ల, దాని మీద త్రాసు, పక్కన బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ నాణేలు. పిల్లవాడు రాయి తెచ్చి ఇస్తే ఈయన వెలుతురుకు ఎత్తి చూసి, పెదవి విరిచి, "మచ్చ ఉందే, ఒక్కటే ఇస్తా" అంటాడు. మొదట ఇద్దరు ముగ్గురు బుద్ధిగా ఒకటే తీసుకుని పోయారు. నాలుగో పిల్ల మాత్రం రాయి వెనక్కి లాక్కుని, "అయితే అమ్మను" అని గిరుక్కున తిరిగింది. పిలిచి మూడిచ్చాడు. అంతే, ముందు అమ్మినవాళ్లంతా తిరిగొచ్చి క్యూ కట్టారు. అమెరికాలో ధర అంటే అతికించిన స్టిక్కరే, బేరం అనేది ఆ పిల్లలు చూసింది అదే మొదలు.

ఇక పిలుపు సంగతి. మనకు సాయంత్రం ఆరంటే ఎనిమిదికి వస్తారు. అక్కడ పిలుపులో మొదలయ్యే టైమూ, అయిపోయే టైమూ రెండూ రాయాలి, వస్తారో లేదో ఫలానా తేదీలోగా చెప్పమనాలి. 2 నుంచి 4 అని రాస్తే రెండుకే బెల్లు మోగుతుంది. మా మొదటి పార్టీలో నాలుగు దాటినా కేకు కోయలేదు. తల్లిదండ్రులు బూట్లు విప్పకుండా హాల్లో నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. పిల్లల్ని వదిలి వెళ్లొచ్చా, కూడా ఉండాలా అన్నదీ రాసేయండి. బహుమతులు మామూలుగా అందరూ వెళ్లాకే విప్పుతారు. తర్వాత ఎవరు ఏమిచ్చారో చూసి పిల్లల చేతే ఒక్కో థాంక్యూ చీటీ రాయించండి.

తిండి దగ్గర మాత్రం సరదా వద్దు. మనం బుడ్డలు, అంటే వేరుశనగలు, పండే నేల మీద పుట్టాం. పొడిలో బుడ్డలు, పచ్చడిలో బుడ్డలు, వంకాయ కూరలో బుడ్డలు. అక్కడ క్లాసులో ఒకరికైనా బుడ్డల అలర్జీ ఉండొచ్చు, అదీ దద్దురుతో పోయే రకం కాకపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి పిల్లల తల్లులు ఎపిపెన్ అనే ఇంజెక్షన్ వెంట ఉంచుకుంటారు. కాబట్టి పిలుపులోనే "మీ పిల్లలకు పడనివి చెప్పండి" అని ఒక ముక్క రాయండి. ఆ దేశపు చట్టం ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరిగా చూపాల్సిన ముఖ్యమైన అలర్జీ పదార్థాలు తొమ్మిది, 2023 జనవరి నుంచి వాటిలో నువ్వులు కూడా చేరాయి. మన నువ్వుండలు పక్కన పెట్టేయడమే మేలు. మీరు శాకాహారులైతే ఇంకోటి: మార్ష్‌మాలోల్లో, చాలా గమ్మీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. నేను పిల్లలకు మిరపకాయ తీసేసి ఉగ్గాని చేస్తాను. బొరుగులంటే వాళ్లకు భయం లేదు, వాళ్లు పొద్దున పాలలో తినేవాటికి చుట్టాలే. బజ్జీలు పెద్దవాళ్లకు.

బెలూన్లు మీరే ఊదండి, పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని అక్కడి ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది.

"పెద్దపిల్లలకో?" అంది ఆ అమ్మాయి. వాళ్ల పాప వంతు రావడానికి ఇంకా ఆరేళ్లుంది, అయినా చెప్పాను. పదమూడు దాటాక థీమ్ అన్న మాటే ఎత్తకూడదు. మా పెద్దది 14 నిండినప్పుడు బ్యానరు కడతానంటే ముఖం మాడ్చుకుంది. సరేనని తోలుబొమ్మలాట కోసం గ్యారేజీలో తెల్ల దుప్పటి కట్టి, వెనక ఎల్‌ఈడీ దీపం పెట్టి, కత్తెరలూ వెదురు పుల్లలూ అక్కడ పడేసి లోపలికి వెళ్లిపోయాను. మన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు మేకతోలుతో చేస్తారు, వెలుతురు దూరేంత పలచన, అందుకే తెర మీద నీడ కాదు, రంగు పడుతుంది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. మనకు తోలు ఎక్కడిది? కేకు ట్రేలో వేసే బేకింగ్ పేపరు తీసుకుని పర్మనెంట్ మార్కర్‌తో రంగులేస్తే దాదాపు అలాగే మెరుస్తుంది. ఆ పిల్లలు రాముణ్ణీ రావణుణ్ణీ ఏం చేయలేదు. వాళ్ల స్కూలు టీచర్లనే చేసి, గొంతులు మార్చి, రాత్రి పది దాకా నవ్వుతూనే ఉన్నారు. నేను మధ్యలో రెండుసార్లు దోసెలు ఇచ్చి వచ్చాను, మూడోసారి వద్దన్నారు.

అన్నీ విన్నాక, "అయితే తుగ్గలి నుంచి ఒక సంచి ఎర్రమట్టి తీసుకుపోతా" అంది. కుంకుమ కథ విన్నాక కూడా! మట్టి తీసుకెళ్తే అమెరికా కస్టమ్స్‌లో ఆపుతారు, పర్మిట్ లేనిదే రానివ్వరు, ఆ పని చేయకమ్మా అన్నాను. సాయంత్రం మళ్లీ వచ్చింది. పాత బస్టాండు వైపు వెళ్లి చిన్న ఇత్తడి త్రాసు కొనుక్కొచ్చింది. ఎత్తి చూపిస్తే ఒక పళ్లెం కాస్త కిందికే ఉంది. మార్చుకొని రావాలేమో అని అది నసుగుతుంటే, వసారాలో బియ్యం ఏరుకుంటున్న మా అమ్మ తలెత్తి చూసి, "వజ్రాల వ్యాపారి త్రాసే కదా, అట్లే ఉండనీ" అంది.