ఏడు లీటర్లు తాగినా రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయి, ఎలక్ట్రోలైట్ పౌడర్ తాగొచ్చా?

ప్రశ్న: సార్, మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు, బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఎండలు ముదిరినప్పటి నుంచి రాత్రి పడుకున్నాక పిక్కలు పట్టేస్తాండాయి, మధ్యాహ్నానికి తల దిమ్ముగా ఉంటాంది, కడుపులో తిప్పుతాంది. నీళ్ళు చాలట్లేదేమో అని ఆరేడు లీటర్లు తాగుతాండా, అయినా అంతే. ఫ్రెండు ఒక ఎలక్ట్రోలైట్ పౌడర్ డబ్బా ఇచ్చి రోజూ తాగమంటాండాడు. మా అమ్మకు 61, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటాది, ఆమెకూ నీరసమే. ఇద్దరం తాగొచ్చా?

జవాబు: నీళ్ళు మీరు బాగానే తాగుతున్నారు, తిండి సంగతే మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పొద్దున టీ తాగి పనిలోకి పోయి రెండింటిదాకా ఏమీ తినకుండా క్యాన్ నీళ్ళ మీదే నడిపేవాళ్ళు ఎండాకాలంలో నా ఓపీకి చాలామంది వస్తారు, వాళ్ళు చెప్పేదీ ఇదే, పిక్కలు, తల దిమ్ము, వాంతి వచ్చినట్టు.

చెమట ఉప్పగా ఎందుకుంటుంది? సోడియం పోతుంది కాబట్టి. మనిషిని బట్టి తేడా ఉంటుంది గానీ లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం, అంటే దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు పోతుంది, రేకుల షెడ్డులో గట్టి పని చేస్తే గంటకే లీటరు చెమట పట్టొచ్చు. పోయింది ఉప్పూ నీళ్ళూ, మీరు పోసేది ఉత్త నీళ్ళు, దాంతో రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాల్సిన సోడియం పలచబడుతుంది. నరాలూ కండరాలూ పని చేసేది సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం వీటితోనే, ఎలక్ట్రోలైట్స్ అంటే ఇవే, డబ్బా మీద బొమ్మ చూసి ఇదేదో కొత్త మందు అనుకోవద్దు.

ముందు మీ బీపీ ఒకసారి చూపించుకోండి, నార్మల్ ఉంటే పనికి పోయే రోజుల్లో అర లీటరు పలచటి మజ్జిగలో పావు టీస్పూన్ ఉప్పు వేసుకుని రెండు మూడు సార్లు తాగండి. పొద్దున సంగటో ఉగ్గానో ఏదో ఒకటి తిని పోండి, అందులోనూ ఉప్పుంటుంది, నిమ్మకాయ, అరటిపండు, గుప్పెడు చెనిక్కాయలు ఉంటే ఇంకా మంచిది. కొబ్బరి నీళ్ళు మంచివే గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, మీకు కావాల్సింది రెండోది. నన్నారి తాగండి, నాకూ ఇష్టమే, కాకపోతే దాన్లో ఉండేది చక్కెర.

పౌడర్ డబ్బా మీకు అవసరం లేదు. ఏసీ రూములో కూర్చుని పని చేసేవాళ్ళకు అసలే అక్కర్లేదు, మన కూరల్లో, ఊరగాయల్లో ఉప్పు ఇప్పటికే ఎక్కువ, డబ్ల్యూహెచ్‌వో చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపే. విరేచనాలు అయితే మాత్రం అసలైన ఓఆర్‌ఎస్ కావాలి, 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుకు ఇంత అని వేస్తే లెక్క తప్పుతుంది. అందులో గ్లూకోజ్ రుచికి వేసింది కాదు, పేగులో సోడియం గ్లూకోజుతో జతగా లోపలికి పోతుంది, వెనకాలే నీళ్ళూ పోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల క్యాంపులో కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఇలాంటి ద్రావణమే నోటితో తాగించి ఎంతోమందిని బతికించారు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని తియ్యటి డ్రింకులు అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడారు, 2025 అక్టోబర్లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది. కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉందా చూడండి.

ఇక అమ్మకు ఆ పౌడర్ ఇవ్వొద్దు. టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియాన్ని పట్టి ఉంచుతుంది, పైనుంచి పొటాషియం ఉన్న పౌడరు, రోజూ కొబ్బరి నీళ్ళు, బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పు కూడా తోడైతే, అందులోనూ కిడ్నీలు కొంచెం వీక్‌గా ఉంటే, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అది ముందు చెప్పి రాదు. మాత్ర షీటు వెనక క్లోర్‌థాలిడోన్ గానీ హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ ఉందేమో చూడండి, అవి మూత్రం ఎక్కువగా పోయేట్టు చేసే నీటి మాత్రలు, పెద్దవాళ్ళలో సోడియం పడిపోయి నీరసం, నడకలో తూలుడు రావొచ్చు. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. రక్తంలో సీరం ఎలక్ట్రోలైట్స్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించి ఆ రిపోర్టు ఆమె డాక్టరుకు చూపించండి.

రాత్రి పిక్క పట్టేసినప్పుడు మోకాలు చాపి కాలి వేళ్ళు మీ వైపుకు లాగి పట్టుకోండి, వదులుతుంది. మూత్రం కోలా రంగులో వస్తే, పనిలో ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడితే మజ్జిగ అంటూ కూర్చోవద్దు, నీడకు చేర్చి ఒళ్ళంతా తడిపి గాలి తగలనిచ్చి 108కి ఫోన్ చేయండి. రెండు వారాలైనా పిక్కలు తగ్గకపోతే మీరూ షుగర్, థైరాయిడ్, ఎలక్ట్రోలైట్స్ చేయించుకోండి, సాయంత్రం మందు తాగే అలవాటుంటే అది కూడా డాక్టర్ దగ్గర దాచకుండా చెప్పండి, పిక్కలకు అదీ ఒక కారణమే.