ఆపద్ధర్మమా, తాత్కాలికమా? డెస్కులో చేరిన మేనకోడలికి

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పత్రిక డెస్కులో చేరావని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. రాజకీయ వార్తలు దిద్దాలంటే టెన్షన్‌గా ఉందన్నావట. హెడ్డింగులు పెట్టడం నాలుగు రోజులు చేస్తే అదే వస్తుంది. పదవుల గురించి రాసే మాటలతో మాత్రం మొదటి రోజు నుంచీ జాగ్రత్తగా ఉండు. ఒకరి చేతిలో ఎంత అధికారం ఉందో, ఎప్పటిదాకా ఉంటుందో పాఠకుడు తెలుసుకునేది నువ్వు వేసిన ఆ ఒక్క మాటను బట్టే.

ఎక్కువ తికమక ‘ఆపద్ధర్మ’ దగ్గరే. మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మం పేరుతో ఒక భాగమే ఉంది. కష్టకాలంలో మామూలు పద్ధతులు సాగనప్పుడు ఎలా నడుచుకోవాలో అందులో చర్చిస్తారు. మన పత్రికలు ఆ మాటను తీసుకుని, రాజీనామా చేశాక గానీ సభ రద్దయ్యాక గానీ కొత్త ప్రభుత్వం వచ్చేదాకా కొనసాగే మంత్రివర్గానికి వాడాయి. ఎంత చక్కగా అమరిందో చూడు! రాజ్యాంగంలో మాత్రం ఆ పేరుతో వేరే పదవి లేదు. లోక్‌సభ రద్దయింది కాబట్టి ఇందిరాగాంధీ ప్రధానిగా కొనసాగకూడదని ఒకరు కోర్టుకు వెళితే, 1971లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సభ ఉన్నా లేకున్నా రాష్ట్రపతికి సలహా ఇవ్వడానికి మంత్రివర్గం ఉండి తీరాలని చెప్పింది.

కాబట్టి ఆపద్ధర్మ ముఖ్యమంత్రి అంటే ఉత్సవ విగ్రహం అన్నట్టు రాయకు. కొత్త విధాన నిర్ణయాల జోలికి పోకుండా రోజువారీ పాలన చూసుకోవడం సంప్రదాయం. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో వాజ్‌పేయి ప్రభుత్వం ఓడిపోయింది. తర్వాత కార్గిల్ యుద్ధం వచ్చింది. ఆ యుద్ధాన్ని నడిపించింది ఆ ఆపద్ధర్మ ప్రభుత్వమే. దేశం మీదికి ముప్పు వచ్చినప్పుడు ఎన్నికలయ్యేదాకా ఆగుదామంటే కుదరదు కదా. ఇంకోవైపు మన దగ్గరిదే చూడు. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దయింది, కేసీఆర్‌ను కొనసాగమని గవర్నర్ కోరారు. గడువుకు ముందే సభ రద్దయితే ఆ క్షణం నుంచే ఎన్నికల నియమావళి వర్తిస్తుందని, ఆపద్ధర్మ ప్రభుత్వం కొత్త పథకాలు ప్రకటించకూడదని ఎన్నికల సంఘం ఆ నెలలోనే స్పష్టం చేసింది. ఇలాంటి రోజుల్లో ఏదైనా జీవో వచ్చిందని విలేకరి రాసి పంపితే, అది రోజువారీ పనా, కొత్త నిర్ణయమా అని అడుగు. చాలాసార్లు అసలు వార్త అక్కడే దొరుకుతుంది.

‘తాత్కాలిక’ వేరు. ఆపద్ధర్మం అంటే అప్పటికే ఆ పదవిలో ఉన్న మనిషే కొనసాగుతాడు. తాత్కాలికం అంటే ఖాళీ అయిన కుర్చీలోకి, అసలు మనిషి తేలేదాకా ఇంకొకరు వస్తారు. 1964లో నెహ్రూ, 1966లో లాల్ బహదూర్ శాస్త్రి పోయినప్పుడు రెండుసార్లూ గుల్జారీలాల్ నందా అలాగే ప్రధాని అయ్యారు. 1969లో జాకీర్ హుస్సేన్ మరణించాక ఉపరాష్ట్రపతి వి.వి. గిరి రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. ఈ మాట వేసేటప్పుడు మన ఊహను ఇరికించకూడదు. 2009 సెప్టెంబరులో రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినప్పుడు అది కొన్నాళ్ల ఏర్పాటేనని చాలామంది అనుకున్నారు. ఆయన 2010 నవంబరు దాకా ఉన్నారు. రాజ్యాంగం లెక్కలో మొదటి రోజు నుంచీ పూర్తి స్థాయి ముఖ్యమంత్రే.

తన పదవి తనకుండగా ఇంకోదాన్ని కూడా చూసేవాళ్లకు ‘అదనపు బాధ్యతలు’ అని రాయి. 2024లో తెలంగాణ గవర్నర్ తమిళిసై రాజీనామా చేశాక జార్ఖండ్ గవర్నర్ సి.పి. రాధాకృష్ణన్ తెలంగాణను అలాగే చూశారు.

‘మాజీ’ అనడానికి తొందర వద్దమ్మా. 2023 డిసెంబరు 3న ఫలితాలు రాగానే కేసీఆర్ రాజీనామా ఇచ్చారు, రేవంత్ రెడ్డి ప్రమాణం 7న. మధ్యలో ఉన్న రోజులకు ‘ఆపద్ధర్మ’ అన్నదే సరి. స్పీకర్ సంగతి ఇంకా వేరు. సభ రద్దయినా ఆయన పదవి పోదు, కొత్త సభ మొదటిసారి కూర్చునే ముందు వరకు ఉంటుంది. సభ రద్దయిన రాత్రే ‘మాజీ స్పీకర్’ అని ఎవరైనా కాపీ ఇస్తే నిర్మొహమాటంగా కొట్టెయ్యి.

ఇంకొకటి. మంత్రులు, గవర్నర్లు చేసేది ప్రమాణ స్వీకారం. కలెక్టర్లు బదిలీ మీద వచ్చి బాధ్యతలు స్వీకరిస్తారు. స్పీకర్‌ను సభ ఎన్నుకుంటుంది, ఆ పదవికంటూ విడిగా ప్రమాణం లేదు. అందరికీ కలిపి ‘ప్రమాణం చేశారు’ అని రాసెయ్యకు. అనుమానం వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి, ఎడిషన్ వెళ్లేదాకా నాకూ నిద్ర పట్టదు.

ఇట్లు,
మామయ్య