సన్నని వైరుకు అతుకు వేసేముందు

చిన్నా,

బైకుకు మొబైల్ చార్జర్ నువ్వే పెట్టుకుంటానన్నావట, మంచిదే, పని చేతికొస్తుంది. కానీ హెడ్‌లైట్ దగ్గర కనిపించిన వైరేదో గీకేసి, చార్జర్ వైరు చుట్టి, పైన టేపు వేస్తే చాలన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్. నీది బీఎస్6 బండి. పెట్రోలు ఎంత పోవాలో కూడా ఈసీయూనే, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటరే చూసుకుంటుంది, దాని సెన్సర్ వైర్లూ పార్కింగ్ లైటు వైర్లూ ఒకే కట్టలో పక్కపక్కనే పోతుంటాయి. రంగు చూసి ఊహించకు, మల్టీమీటరు పెట్టి చూడు. తాళం తిప్పితే 12 వోల్టులు రావాలి, తీసేస్తే సున్నా కావాలి. పార్కింగ్ లైటు వైరు అయితే సాధారణంగా సరిపోతుంది. సన్నగా ఉండి ఈసీయూ వైపు పోయే వైరు జోలికి మాత్రం అసలు వెళ్లకు. ఇలా చూసుకున్నాక, వైరు మీద పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్.

ఇక తొడుగు తీయడం. బ్లేడుతో చుట్టూ కోస్తే లోపలి పోగులు కూడా తెగుతాయి, 16 పోగుల వైరులో నాలుగు తెగాయంటే పావు వంతు వైరు పోయినట్టే, పైకి మాత్రం ఏమీ కనిపించదు. స్ట్రిప్పర్‌తో సెంటీమీటరు మేర తొడుగు పక్కకు జరుపు, గుండుసూదితో పోగుల్ని రెండుగా విడదీసి, కొత్త వైరు ఆ సందులోంచి దూర్చి గట్టిగా చుట్టు, తర్వాత సోల్డర్ చెయ్. సోల్డర్ బాగా పట్టడానికి రాసే ఫ్లక్స్ రోజిన్‌దే వాడు, యాసిడ్‌ది రాగిని తినేస్తుంది. నొక్కితే పట్టుకునే ఆ ప్లాస్టిక్ క్లిప్పులు వద్దు, వైరు మందానికి సరిపోకపోతే పోగుల్ని కోస్తాయి, లేదా వదులుగా ఉండి వేడెక్కుతాయి.

సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కుతుంది, బండి అదురుకు సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకే అతుకుకు రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాగ్ వేసి వైర్ల కట్టతో కలిపి బిగించు, హ్యాండిల్ మెడ దగ్గర మాత్రం అతుకు పెట్టకు. హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూడు, వైరు ఎక్కడా లాగకూడదు.

టేపు మీద నమ్మకం పెట్టుకోకు. మన ఏప్రిల్, మే ఎండలో బండి బయట పెడితే జిగురు కారి టేపు ఊడొస్తుంది, తర్వాత మొదటి వానకే నీళ్లు దిగుతాయి. లోపల గమ్ ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి తగిలితే ముడుచుకుని పట్టే గొట్టం, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, వైరు మధ్యలో ఫ్యూజ్ పెట్టే ఇన్‌లైన్ ఫ్యూజ్ హోల్డర్ కూడా అక్కడే తీసుకో. స్లీవ్ ఇలా పక్క కొమ్మలా తీసిన అతుకుకు పూర్తిగా పట్టదు, అందుకే సందుల్లో కూడా గమ్ నిండిందో లేదో చూసుకో.

ఫ్యూజ్ మర్చిపోవద్దురా. 15 వాట్ల చార్జర్ ఒకటిన్నర ఆంపియర్ దాకా లాగుతుంది, 3 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. అది అతుకుకు ఆనుకునే ఉండాలి, చార్జర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా ఒరిసి షార్టయితే దాన్ని కాపాడేది ఉండదు. బండి పెద్ద ఫ్యూజ్ కాలేలోపు ఈ సన్న వైరే కాలుతుంది. ఎర్త్ వైరును పెయింటు మీద కాకుండా, పెయింటు గీకిన లోహం మీద బిగించు.

ఫాగ్ లైట్లూ పెడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. 55 వాట్లవి రెండు కలిస్తే 9 ఆంపియర్లు దాటుతుంది, ఈ వైరు మొయ్యదు. వాటికి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్ పెట్టి, కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో తీసుకో, సన్న వైరు రిలేను ఆన్ చేయడానికే వాడు. ఎప్పుడైనా ఫ్యూజ్ పోతే పెద్దది వెయ్యకు, ముందు వైరు ఎక్కడ ఒరుస్తోందో వెతుకు.

మీ మామయ్య