టొరెంట్ అంటే దొంగతనం కాదండీ

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. స్నేహితుడితో కలిసి లైనక్స్ ప్యాకేజీలను టొరెంట్ పద్ధతిలో దించుకునే టూల్ రాస్తున్నాడు. రాత్రి రెండింటిదాకా అదే పని. రేపు పోలీసు కేసేమైనా అవుతుందా? దీని బదులు లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేర్పిస్తే నయమా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు పోలీసుల సంగతి. టొరెంట్ అనగానే మీకు పైరసీ సినిమాలు గుర్తొచ్చాయి. నిజానికి అది ఒక ఫైల్‌ను ముక్కలుగా ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరు తీసుకునే పద్ధతి, అంతే. లైనక్స్ అంటే విండోస్ లాంటిదే, కాకపోతే స్వేచ్ఛగా వాడుకోవచ్చు; అందులో ఒక రకం డెబియన్. ఆ డెబియన్ వాళ్లు తమ ఇన్‌స్టాలేషన్ డీవీడీల ఫైళ్లను స్వయంగా టొరెంట్లుగా ఇస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను నలుగురికీ పంచుకోమని దాని లైసెన్సే చెబుతుంది. కేసూ లేదు, గీసూ లేదు.

మీవాడి పని ఇదీ. ల్యాబ్‌లో అరవై సిస్టమ్‌లు ఉన్నాయనుకోండి. అప్‌డేట్ ఇస్తే అదే ఫైర్‌ఫాక్స్ ప్యాకేజీని, అంటే ఆ బ్రౌజర్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌ను, అరవైసార్లు బయటినుంచి తెచ్చుకుంటాయి. ఒకటి తెచ్చుకుంటే మిగతావి దాన్ని అడిగి తీసుకోవచ్చు కదా? మరి పక్క సిస్టమ్ ఇచ్చిన ఫైల్‌ను నమ్మడమెలా? డెబియన్ సంతకంతో వచ్చే జాబితాలో ప్రతి ప్యాకేజీకీ ఒక హ్యాష్, అంటే ఆ ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య, ఉంటుంది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హ్యాష్ కలవదు, డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ అనే ప్రోగ్రామ్ దాన్ని ఇన్‌స్టాల్ చేయదు. ఈ ముక్క మీవాడిని అన్నం దగ్గర అడగండి, మీకు అర్థమయ్యేలా చెప్పగలడేమో చూడండి.

అలాగని ఈ టూల్‌ను అందరూ వాడతారని నేననుకోను. 2007లో కామెరాన్ డేల్ అనే విద్యార్థి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసే విద్యార్థులకు గూగుల్ డబ్బిచ్చే సమ్మర్ ఆఫ్ కోడ్‌లో, ఇలాంటిదే డెబ్‌టొరెంట్ రాశాడు, తర్వాత ఇదే పనికి ఆప్ట్-పీ2పీ వచ్చింది. రెండూ మామూలు వాడుకలోకి రాలేదు. టొరెంట్‌కు పెద్ద ఫైల్ అయితే బాగుంటుంది. ఇక్కడ వేల చిన్న ప్యాకేజీలు, రోజూ మారేవి. పైగా మన దగ్గర ఏ పాత వెర్షన్ ఉందో ఊరందరికీ తెలిసిపోతుంది, అందులో లోపాలుంటే హ్యాకర్లకూ తెలిసినట్టే. వీటికి మీవాడి దగ్గర సొంత జవాబుంటే, ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి అది చాలు.

ఇక ఏఐ కోర్సు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ సర్టిఫికెట్ తెస్తారు. ప్రాజెక్టు చూపించమంటే అందరిదీ ఒకటే: టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో చెప్పే ప్రోగ్రామ్. "ఈ లైన్ ఎందుకు రాశావు?" అంటే మౌనం. ఏఐ చెడ్డదని కాదు, గణితం గట్టిగా ఉండి ఇష్టపడి చదివితే మంచిదే. కానీ మీరు రాసిన దాంట్లో అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క మాట లేదు. పక్కింటి కుర్రాడు చేరాడనే కదా ఈ టెన్షన్? ఆ లక్షన్నర కడితే మీకు నిద్ర పడుతుందేమో గానీ వాడికి ఉద్యోగం రాదు.

రాత్రి రెండింటిదాకా కూర్చుని ఒక బగ్ పట్టుకునే పిల్లాడి గురించి నాకు పెద్ద బెంగ లేదు. బ్యాక్‌లాగ్‌లుంటే మాత్రం ముందు అవి పూర్తి చేయమనండి. కాలేజీ నెట్‌వర్క్‌లో నడిపే ముందు ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడగమనండి. టొరెంట్ అన్న మాట వింటే ఆయనా మీలాగే కంగారుపడతారు.