మసాజ్‌కు వెళ్ళేముందే టిప్పు లెక్క: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

అమెరికాకు వచ్చి ఏడాది తిరగకముందే మనవాళ్ళలో చాలామందికి మెడ పట్టేస్తుంది. పగలంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, రాత్రి పదింటికి ఇండియా టీముతో కాల్స్, మంచం కొనేదాకా నేల మీద పరుపు, ఇవన్నీ కలిసి ఒకనాడు మనిషిని దగ్గరలోని మసాజ్ పార్లర్‌కు నడిపిస్తాయి. గంటసేపు హాయిగా పడుకుని లేచినవారు కౌంటరు దగ్గరికి రాగానే తికమకపడతారు. బోర్డు మీద రాసిన ధర ఒకటైతే, కార్డు మెషీను 18, 20, 25 శాతం అంటూ మరో మూడు అంకెలు చూపించి ఏదో ఒకటి నొక్కమంటుంది. వెనక మరొకరు నిలబడి ఉంటారు కనుక మొహమాటానికి పెద్ద అంకె నొక్కి ఇంటిదాకా బాధపడేవారు కొందరు, ఏమీ ఇవ్వకుండా వచ్చేసి రెండోసారి అక్కడికి వెళ్ళడానికి జంకేవారు మరికొందరు. వీరందరికీ నేను చెప్పేది ఒక్కటే: టిప్పును ధరలో భాగంగా ఇంటి దగ్గరే లెక్క వేసుకుని బయలుదేరండి, ఆ టిప్పుతో అదనంగా ఇంకేదో కొంటున్నామన్న భ్రమను ఇంటి దగ్గరే వదిలేయండి.

మసాజ్‌కు ఇక్కడ మామూలుగా 15 నుంచి 20 శాతం ఇస్తారు, పెద్ద ఊళ్ళలో 20 శాతమే వాడుక అయిపోయింది. గంటకు 80 డాలర్లయితే 12 నుంచి 16 డాలర్లు అన్నమాట. స్క్రీను మీద 25 శాతం కనిపించినంత మాత్రాన అది నియమం కాదు, మీకు నచ్చిన మొత్తాన్ని మీరే టైపు చేసుకునే గడి దాని కిందనే ఉంటుంది. చిన్న మొత్తాలకు శాతాన్ని అంత పట్టించుకోరు, 40 డాలర్ల పాదాల మసాజ్‌కు 8 నుంచి 10 డాలర్లు ఇస్తారు. ఎయిర్‌పోర్టులో కుర్చీలో కూర్చోబెట్టి పావుగంట మెడా భుజాలూ నొక్కినందుకు నాలుగైదు డాలర్లు చాలు. దంపతులు ఒకే గదిలో చేయించుకుంటే ఇద్దరు థెరపిస్టులు వస్తారు కనుక ఒకరికే ఇచ్చి ఊరుకోకూడదు, ఇద్దరికీ విడివిడిగా చేరేలా చూడాలి.

మనవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది కూపన్ల దగ్గర. 120 డాలర్ల మసాజ్ కూపన్ మీద 65 డాలర్లకు దొరికిందనుకుందాం. ఆ 65 మీద 18 శాతం వేస్తే టిప్పు 11 డాలర్ల 70 సెంట్లు, అసలు ధర మీద వేస్తే 21 డాలర్ల 60 సెంట్లు అవుతుంది. ఇక్కడి మర్యాద ప్రకారం రెండోదే ఇవ్వాలి, ఎందుకంటే ధర తగ్గించుకున్నది దుకాణం తప్ప మీ వీపు మీద గంటసేపు మోచేయి ఆనించి నొక్కిన మనిషి కాదు. మొదటిసారి వచ్చినవారికి సగం ధర అన్నా, మెంబర్‌షిప్ తీసుకున్నవారికి తగ్గింపు అన్నా, ఎవరో బహుమతిగా ఇచ్చిన గిఫ్ట్ కార్డు అన్నా ఇదే లెక్క వర్తిస్తుంది. గిఫ్ట్ కార్డు ఇచ్చినవారు టిప్పు కూడా ముందే కట్టేశారేమో మాత్రం కౌంటర్లో అడిగి తెలుసుకోండి. బిల్లులో సేల్స్ ట్యాక్స్ ఉంటే దానిని టిప్పు లెక్కలో కలపనక్కరలేదు.

ధర కట్టాక మళ్ళీ ఈ వడ్డన ఏమిటి, జీతం ఇచ్చుకోవలసింది యజమాని కదా అని అడిగేవారున్నారు. న్యాయంగా చూస్తే ఆ ప్రశ్న సబబైనదే, ఈ పద్ధతిని తిట్టుకునే అమెరికన్లూ తక్కువేమీ లేరు. కానీ మీరు టిప్పు ఎగ్గొట్టినంత మాత్రాన పద్ధతి మారదు, ఆ రోజు థెరపిస్టు ఇంటికి తీసుకువెళ్ళే డబ్బు తగ్గుతుంది, అంతే. మీరు కట్టిన 80 డాలర్లలో ఎక్కువ భాగం అద్దెకూ యజమానికీ పోతుంది. చాలాచోట్ల థెరపిస్టుకు మసాజ్ చేసిన గంటలకే సరైన కూలి గిడుతుంది, గిరాకీ లేక కూర్చున్న సమయానికి వచ్చేది తక్కువ. చిన్న పార్లర్లలో అసలు జీతమే ఉండదు, వచ్చిన ధరలో వాటా మాత్రమే ఉంటుంది. మనలాగా రోజుకు ఎనిమిది గంటలు పని చేద్దామన్నా ఈ పనిలో మణికట్లూ బొటనవేళ్ళూ సహకరించవు, రోజుకు నాలుగైదు మసాజ్‌లు చేయడమే గొప్ప.

చట్టం కూడా ఈ పద్ధతికి అనుగుణంగానే ఉంది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. టిప్పులు వచ్చే ఉద్యోగులకు, టిప్పులతో ఆ మొత్తం పూడితే చాలునంటూ, యజమాని 2.13 డాలర్లు ఇచ్చి సరిపెట్టవచ్చు, ఆ అంకె 1991 నుంచీ మారలేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, మినెసోటా, మోంటానా, అలాస్కా రాష్ట్రాలు ఈ వెసులుబాటును ఒప్పుకోవు. మసాజ్ చేసేవారందరికీ 2.13 డాలర్లే ముడుతుందని దీని అర్థం కాదు గానీ, టిప్పును ఆదాయంలో భాగంగానే ఈ దేశం లెక్కిస్తుందని మాత్రం అర్థమవుతుంది. ఉద్యోగుల టిప్పుల్లో యజమానులూ మేనేజర్లూ వాటా తీసుకోకూడదని 2018లో చట్టాన్ని సవరించారు. కనుక మీరిచ్చినది వేరెవరి జేబులోకో పోతుందన్న సాకు చెల్లదు.

టిప్పు అక్కరలేని చోట్లు కూడా ఉన్నాయి. వెన్నెముకను చేతులతో సరిచేసే కైరోప్రాక్టరు దగ్గరో ఫిజికల్ థెరపీ క్లినిక్‌లోనో చికిత్సలో భాగంగా చేసే మసాజ్‌కు, ముఖ్యంగా ఇన్సూరెన్సు కట్టేదానికి, టిప్పు ఇవ్వరు, ఇస్తే ఇబ్బంది పడతారు కూడా. పెద్ద హోటళ్ళలోనూ రిసార్టుల్లోనూ బిల్లులోనే 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జీ కలిపి ఉంచుతారు. దానిని చూసుకోకుండా కింద మళ్ళీ ఇరవై శాతం రాసి సంతకం పెట్టే కొత్తవారు ఎందరో ఉన్నారు. ఆ ఛార్జీలో థెరపిస్టుకు ఎంత చేరుతుందని కౌంటర్లో అడగడం తప్పు కాదు, ఎందుకంటే బిల్లులో తప్పనిసరిగా కలిపిన మొత్తాన్ని పన్నుల శాఖ టిప్పుగా పరిగణించదు, అది యజమాని ఆదాయమే అవుతుంది. ఆఫీసులో కంపెనీ ఏర్పాటు చేసిన కుర్చీ మసాజ్‌కు ముందే అన్నీ కట్టి ఉంటారు. తన సొంత గదిలో తానే మసాజ్ చేసే యజమానికి టిప్పు అక్కరలేదన్నది పాత మర్యాద, ఇప్పుడు తీసుకునేవారూ ఉన్నారు కనుక అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగేస్తే సరిపోతుంది.

డబ్బు ఎలా ఇవ్వాలన్నదీ కొంచెం ఆలోచించవలసిన విషయమే. కార్డు మీద ఇచ్చినా ఫరవాలేదు. నగదు ఇచ్చేటట్లయితే చాలాచోట్ల కౌంటరు దగ్గర చిన్న కవర్లుంటాయి, అందులో పెట్టి పైన థెరపిస్టు పేరు రాసి ఇవ్వండి. చిన్న పార్లర్లో పని అయ్యాక నేరుగా చేతికి ఇచ్చి థ్యాంక్స్ చెప్పవచ్చు. మన ఊళ్ళో పని బాగా చేయించుకోవడానికి ముందే ఒక నోటు చేతిలో పెట్టే అలవాటు కొందరికి ఉంది, దానిని ఇక్కడికి తీసుకురావద్దు. తలుపు వేసిన గదిలో, మసాజ్ మొదలుకాకముందు, టిప్పు గురించి బేరం మాట్లాడితే దానికి ఇక్కడ వేరే అర్థం వస్తుంది.

ఆ వేరే అర్థం గురించి డొంకతిరుగుడు లేకుండా చెప్పాలి, ఎందుకంటే పెళ్ళికాని కుర్రవాళ్ళ గదుల్లో ఈ విషయమై తిరిగే జోకులు నాకూ తెలుసు. చాలా రాష్ట్రాల్లో మసాజ్ చేయాలంటే లైసెన్సు కావాలి. దానికి టెక్సస్‌లో 500 గంటలు, న్యూయార్క్‌లో 1000 గంటలు శిక్షణ పొందాలి. అలా చదువుకుని వచ్చిన మనిషితో వెకిలి మాట ఒక్కటి మాట్లాడినా ఆమె చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళిపోతుంది, మీరు పూర్తి ధర కట్టి రావలసి ఉంటుంది, అంతటితో ఆగితే అదృష్టమే. డబ్బు ఇస్తానని లైంగిక సేవ అడగడమే ఇక్కడ నేరం, ఏమీ జరగకపోయినా అడిగినందుకే అరెస్టు చేస్తారు, పోలీసులే మారువేషంలో వల పన్నడమూ ఉంది. మనవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్న టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి పట్టుబడినా అది ఫెలనీయే, అంటే తీవ్రమైన నేరమే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీదనో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదనో ఉన్నవారికి ఆ ఒక్క అరెస్టు జీవితాంతం వెంటపడుతుంది. వీసా దరఖాస్తులోనూ, గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ, ఆ తరువాత పౌరసత్వం దరఖాస్తులోనూ ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, కేసు కొట్టేసినా సరే అవునని రాయవలసిందే. అర్ధరాత్రి దాకా తెరిచి ఉండి, లోపలినుంచి బజర్ నొక్కితే తప్ప తలుపు తెరుచుకోకుండా, గోడ మీద లైసెన్సు కనిపించకుండా, నగదు మాత్రమే తీసుకునే చోటికి అసలు వెళ్ళవద్దు. అటువంటి చోట్ల పనిచేసే ఆడవాళ్ళలో బలవంతంగా తెచ్చి పెట్టినవారు ఉండే అవకాశం ఉంది. అనుమానం వస్తే మానవ అక్రమ రవాణా హాట్‌లైను 1-888-373-7888కు మీ పేరు చెప్పకుండానే ఫోను చేయవచ్చు.

ఇక సరైన చోటికి వెళ్ళినప్పుడు మీరు ఏమి ఆశించవచ్చునో చూద్దాం. గంట మసాజ్ అంటే చాలాచోట్ల చేతులు పని చేసేది 50 నిమిషాలే, మిగతా పది నిమిషాలు మాటలకూ బట్టలు మార్చుకోవడానికీ పోతాయి. దాని మీద తగువు పెట్టుకుని ఇంకో పది నిమిషాలు కలపమనడం బాగుండదు. పదిహేను నిమిషాలు ముందుగా వెళితే ఒక ఫారం నింపమంటారు, అందులో ఆపరేషన్లు, బీపీ, అలర్జీలు, గర్భం, వాడుతున్న మందులు దాచకుండా రాయాలి. బట్టలు మీకు ఎంతవరకు ఇబ్బంది లేదో అంతవరకే తీయండి, మీరు దుప్పటి కప్పుకునేదాకా థెరపిస్టు బయటే ఉండి తలుపు తట్టి లోపలికి వస్తారు, నొక్కుతున్న భాగం తప్ప మిగతా ఒళ్ళంతా కప్పే ఉంచుతారు. జంధ్యమో మొలతాడో ఉంటే తీయనక్కరలేదు, అది తీయరానిదని ఒక్క ముక్క చెబితే దానిని తప్పించి చేస్తారు. నల్లపూసలకూ మంగళసూత్రానికీ అదే మాట, కాకపోతే నూనె అంటుతుంది. తలకు నూనె వద్దనుకుంటే ముందే చెప్పాలి, మసాజ్ నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళేవారికి ఇది ముఖ్యం. ఆడ థెరపిస్టు కావాలో మగ థెరపిస్టు ఫరవాలేదో ఫోనులోనే చెప్పవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

నొప్పిని పళ్ళ బిగువున భరించి, బయటికి వచ్చాక టిప్పు కోసి కక్ష తీర్చుకోవడం మనవాళ్ళలో నేను చూసిన మరో అలవాటు. డీప్ టిష్యూ (లోపలి కండరాలదాకా గట్టిగా నొక్కే మసాజ్) అని పేరు చూసి తీసుకుని, మోచేయి పడగానే ప్రాణం పోతున్నా నోరు మెదపరు. కొంచెం నెమ్మదిగా చేయండి అంటే చాలు, ఆ క్షణమే మార్చుకుంటారు. మాట్లాడుతూ ఉంటే విసుగ్గా ఉంటే కాసేపు మౌనంగా ఉండాలని ఉందనవచ్చు. చెప్పినా వినకపోతేనే టిప్పు తగ్గించండి, ఆ తరువాత కారణం మేనేజరుకు చెప్పండి. తాకరాని చోట తాకితే మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి, వెంటనే ఆపించి లేచి రండి. పైసా టిప్పు ఇవ్వనక్కరలేదు, రాష్ట్ర లైసెన్సు బోర్డుకూ పోలీసులకూ ఫిర్యాదు చేయవచ్చు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను మోకాళ్ళ నొప్పులని మసాజ్‌కు తీసుకువెళ్ళేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇరవై గంటల ప్రయాణం చేసి దిగిన నాలుగు రోజుల్లో ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది ప్రయాణ బడలిక కాకపోవచ్చు. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉంటే మసాజ్‌తో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది కనుక ముందు డాక్టరుకు చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవారి విషయంలోనూ డాక్టరును అడిగాకే వెళ్ళాలి. ఇంగ్లీషు రాని పెద్దవారైతే ఫారం మీరే నింపి, మీరు గదిలో ఒక మూల కూర్చుంటానంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. బట్టల సంగతి, దుప్పటి సంగతి అమ్మకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకువెళితే ఆవిడ బల్లమీద బిగుసుకుపోయి పడుకోకుండా ఉంటుంది.

అపాయింట్‌మెంట్ రద్దు చేయాలంటే ఒక రోజు ముందు చెప్పాలి. చెప్పకుండా మానేస్తే సగమో పూర్తి మొత్తమో కార్డు మీద పట్టుకుంటారు, ఆ గంట థెరపిస్టు వేరెవరికీ ఇవ్వలేకపోయారు కనుక దానికి గొడవ పడవద్దు. ఒకే థెరపిస్టు దగ్గరికి నెలనెలా వెళ్ళేవారు డిసెంబరులో ఒక మసాజ్ ఖరీదుదాకా పండుగ కానుకగా ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ, అంత ఇవ్వలేకపోతే సగమైనా ఇస్తారు. మనవాళ్ళు కొందరు దానితో పాటు ఇంట్లో చేసిన మిఠాయి కూడా ఇస్తారు, అది మంచిదే గానీ జీడిపప్పో బాదమో వేస్తే డబ్బా మీద ఆ ముక్క రాయడం మరవవద్దు, గింజల అలర్జీ ఉన్నవారు ఇక్కడ ఎక్కువగా కనిపిస్తారు.