కండరాల బలాన్ని లెక్కకట్టే చదువు

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను సర్. మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల అదుపు తప్పే స్థితి), మోకాళ్లు వంచి నడుస్తాడు. ఈమధ్య వాడికి నడక పరీక్ష చేయించినప్పుడు, కంప్యూటర్‌లో అస్థిపంజరాన్ని నడిపించి ఏ కండరం ఎంత బలం పెడుతోందో అంచనా వేయవచ్చని అక్కడివాళ్లు చెప్పారు. అప్పటినుంచి నాకు అదే ధ్యాస. కానీ పదో తరగతి తర్వాత బయాలజీ ముట్టుకోలేదు. ఈ రంగంలోకి వెళ్లగలనా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: బయాలజీ గురించి టెన్షన్ వద్దమ్మా. నడకకు సంబంధించిన కండరాలు, ఎముకలు, కీళ్లు ఒక సెమిస్టర్ గట్టిగా కూర్చుంటే వచ్చేస్తాయి. ఈ పనికి అసలు పునాది మీరు ఇప్పటికే చదువుతున్న డైనమిక్సే.

ఒంటికి అంటించిన మార్కర్లను కెమెరాలు పట్టుకుంటాయి. నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్లు పాదం ఎంత బలంగా తొక్కుతోందో చెబుతాయి. ఈ రెండూ ఉంటే ఏ కీలు దగ్గర ఎంత మొమెంట్, అంటే కీలును తిప్పే ప్రభావం, పనిచేస్తోందో న్యూటన్ సూత్రాలతో వెనక్కి లెక్కకట్టవచ్చు. చిక్కు ఆ తర్వాతే వస్తుంది. మోకాలి దగ్గర తేలిన మొమెంట్ ఒక్కటి, దాన్ని పంచుకునే కండరాలు పదికి పైనే. ఎక్కువమంది మొదలుపెట్టే గెయిట్2392 అనే మోడల్‌లో 23 కదలికలకు 92 కండర భాగాలుంటాయి. సమీకరణాల కంటే తెలియని విలువలే ఎక్కువ కాబట్టి జవాబులకు అంతుండదు. అందుకని ప్రోగ్రామ్ ఒక షరతు పెట్టుకుంటుంది: ఒక్కో కండరం ఎంత ఉత్తేజితమైందో ఆ అంకెను వర్గం చేసి (దాన్ని దానితోనే గుణించి) అన్నీ కలిపితే వచ్చే మొత్తం వీలైనంత తక్కువగా ఉండాలి. అంటే మనిషి తక్కువ శ్రమతో నడుస్తున్నాడని ముందే అనుకుంటుందన్నమాట.

మామూలు నడకకు ఈ ఊహ చాలావరకు సరిపోతుంది. మీ తమ్ముడి నడకకు సరిపోతుందా? బిగుసుకుపోయే కండరాలున్నవాళ్లలో తొడ ముందు కండరాలు, వెనక కండరాలు ఒకేసారి లాగుతుంటాయి. అక్కడ శ్రమను తగ్గించుకునే పద్ధతే దెబ్బతిని ఉంటుంది. ప్రోగ్రామ్ మాత్రం ఎదురు లాగే కండరానికి దాదాపు సున్నా వేసి ఊరుకుంటుంది. అదే కండరం మీద ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలను కొలిచే పరికరం) పెడితే సిగ్నల్ గట్టిగా కనిపిస్తుంది! అందుకే ఇలాంటి నడకలకు ఈఎంజీని లెక్కలోకే తెచ్చుకునే మోడళ్లు వాడతారు. ఎముకలతోనూ ఇబ్బందే. ఈ పిల్లల్లో తొడ ఎముక మెలితిరిగి ఉండడం మామూలు. పెద్దవాళ్ల కొలతలతో చేసిన మోడల్‌ను కుదించి వాడితే కీలుకు ఎంత దూరం నుంచి కండరం లాగుతోందన్న లెక్క తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కొన్ని వారాల పని. అది ఇచ్చిన జవాబును ఎప్పుడు నమ్మకూడదో తెలుసుకోవడానికే ఏళ్లు పడతాయి, మీకు విలువ వచ్చేదీ అక్కడే. పనిచేస్తున్నప్పుడు తెర మీద ఎర్రబడే కండరాల బొమ్మలను చూసి మురిసిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇంతా చేసి లాభమేమిటంటారా? మోకాళ్లు వంగిన నడకలో తొడ వెనక కండరాలు పొట్టిబడ్డాయనుకుని వాటిని పొడిగించే ఆపరేషన్లు చేసేవారు. నడుస్తున్నప్పటి పొడవును మోడళ్లతో లెక్కకడితే చాలామంది పిల్లల్లో అవి పొట్టిబడనే లేదని తేలింది. ఇలాంటి ప్రశ్నకు కంటిచూపు చాలదు.

ఇక చదువు. శరీర కదలికలను, బలాలను లెక్కకట్టే బయోమెకానిక్స్‌లోగానీ, ఆ విభాగం బలంగా ఉన్న బయోమెడికల్ ఇంజినీరింగ్‌లోగానీ మాస్టర్స్ చేయండి. పరిశోధనే కావాలనుకుంటే పీహెచ్‌డీ తప్పదు. దాచకుండా ఒకటి చెబుతాను, కండరాల బలాల అంచనా అన్న పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. ఆసుపత్రుల నడక ల్యాబుల్లో ఖాళీలూ తక్కువే. ఇదే నైపుణ్యం కృత్రిమ కీళ్లు, కృత్రిమ కాళ్లు, ఎక్సోస్కెలిటన్లు (ఒంటికి తొడుక్కునే యంత్ర చట్రాలు), క్రీడా శాస్త్రం, వాహన భద్రత రంగాల్లో పనికొస్తుంది. పైథాన్ లేదా మ్యాట్‌ల్యాబ్, ఆప్టిమైజేషన్, సిగ్నల్ ప్రాసెసింగ్ గట్టిగా వచ్చి ఉండాలి.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో తయారై 2007లో బయటికొచ్చిన ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి లెక్కలకే, అది ఉచితం, నమూనా డేటా కూడా దాంతోనే వస్తుంది. ముందు అందులోని మామూలు నడకను విశ్లేషించండి. తర్వాత పిక్కలోని సోలియస్ కండరం గరిష్ఠ బలాన్ని సగానికి తగ్గించి మళ్లీ నడిపించండి. ఆ భారం ఏ కండరాల మీద పడింది? ఎందుకు? నాలుగు పేజీల్లో రాసి పెట్టుకోండి. నా దృష్టిలో ఏ ఆన్‌లైన్ సర్టిఫికెట్టూ దీనికి సాటిరాదు. వీలైతే పిల్లలకు ఫిజియోథెరపీ చేసేవాళ్లు ఒప్పుకుంటే కొన్ని రోజులు వాళ్ల పక్కన కూర్చుని చూడండి. మీ తమ్ముడి డేటాతో మాత్రం మొదలుపెట్టకండి. తేలిన అంకెను చూసి ఇంట్లో వైద్యం గురించి చర్చ మొదలవుతుంది, ఆ అంకెకు అంత బరువు మోసే శక్తి ఇంకా ఉండదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఆ విభాగానికి ఉత్తరం రాసి అడగండి: ఫోర్స్ ప్లేట్లు, ఈఎంజీ విద్యార్థుల చేతికి ఇస్తారా? గత రెండేళ్లలో నడక మీద వచ్చిన థీసిస్‌లు ఏవి? వాటిలో మోడల్ జవాబును దేనితో పోల్చి చూశారు? మీ నాలుగు పేజీలూ ఆ ఉత్తరానికి జతచేయండి.