మూడడుగుల సందులో వెదురు వేయొచ్చా? తిరుపతిలో ఒకసారి వేసి, పీకించి, మళ్లీ వేసినవాడి అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తిరుపతిలో పడమర ముఖం ఇల్లు, ప్రహరీకీ ఇంటికీ మధ్య మూడడుగుల సందు. సాయంత్రం ఎండకీ, ఎదురింటి కిటికీలకీ అడ్డంగా వెదురు వేద్దామని మీ ఆలోచన. పాములొస్తాయని, పాడె కట్టే వెదురు ఇంటి ముందు ఏమిటని మీ అత్తగారి అభ్యంతరం. దీనికి తోడు హాల్లో పెట్టిన లక్కీ బాంబూ పసుపు రంగుకు తిరుగుతోంది.

వెదురు వేయండి. నేలలో మాత్రం వేయొద్దు. అచ్చం అలాంటి సందులోనే నేను 2018లో వేశాను, 2021 డిసెంబరులో కూలీలను పెట్టి తవ్వించాను.

మాది తిరుచానూరు రోడ్డు వైపు. ఒక నర్సరీలో పసుపు బొంగు మీద పచ్చ గీతలున్న మొక్క చూపించి 'గోల్డెన్ బాంబూ సార్, పది అడుగులు మించదు' అన్నారు. కవర్లో ఉన్న మొక్క మూడడుగులు, గడ పెన్సిలంత. నమ్మేశాను. గోడకు అడుగు దూరంలో నాటాను. దాని అసలు పేరు బాంబూసా వల్గారిస్ విట్టాటా అనీ, నేల దొరికితే నలభై అడుగులు దాటుతుందనీ తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

వెదురుతో ఎవరైనా మోసపోయేది ఇక్కడే. మామిడి, వేప లాగా ఇది ఏటేటా కాస్త ఎత్తు, కాస్త లావు పెరగదు. నేలలోంచి పిలక ఎంత లావుతో పైకి వస్తుందో గడ జీవితాంతం అంతే లావు, తర్వాత ఒక్క నూలు కూడా పెరగదు. వెళ్లాల్సిన ఎత్తంతా రెండు మూడు నెలల్లోనే వెళ్లిపోతుంది. తర్వాతి ఏడు వచ్చే పిలక దానికంటే లావు, ఆ పై ఏడు వచ్చేది ఇంకా లావు. మా ఇంట్లో మొదటి ఏడు పెన్సిలంత గడలు, రెండో ఏడు బొటనవేలంత, మూడో వానాకాలం మణికట్టంత. మొదటి రెండేళ్లు 'ఎంత ముద్దుగా ఉందో' అని ఫొటోలు కూడా తీసుకున్నాను. ఆ రెండేళ్లూ అది కింద దుంప పెంచుకుంటూ ఉందన్నమాట.

2021 నవంబరులో తిరుపతిని ముంచేసిన వానలు గుర్తుండే ఉంటాయి. ఆకులు నీళ్లు పట్టి బరువెక్కి, గడలన్నీ వంగి పక్కింటి మిద్దె మీద పడుకున్నాయి. రెండు గడలు కరెంటు తీగకు తగులుతున్నాయి. పక్కింటాయన మంచివాడు కాబట్టి గొడవ కాలేదు, కానీ నాకు మూడు రోజులు నిద్ర లేదు. వాన తగ్గాక చూస్తే ప్రహరీ కింది వరస ఇటుకలు బయటికి తోసుకొచ్చాయి. వెదురుకు రావి, మర్రి లాగా పునాదుల్లోకి దిగే తల్లివేరు ఉండదు, నిజమే. కానీ దుంపలు ఒకదాని పక్కన ఒకటి గుద్దుకుంటూ పక్కకు జరుగుతాయి. లోతు లేని ప్రహరీకి అది చాలు. ఇద్దరు మనుషులు గడ్డపారలతో రెండు రోజులు తవ్వారు. 'సామీ, పైన కనపడేది కొంచెమే, అసలు సంగతంతా కింద ఉండాది' అన్నాడు అందులో ఒకతను.

అయినా మళ్లీ వేశాను. ఆ నీడ అలవాటైపోయింది, ఏం చేయను.

ఈసారి ఎంచుకున్నది బాంబూసా మల్టిప్లెక్స్. కంచెకు వేసే సన్న రకం, గడలు వేలంత లావు, కింది నుంచి పైదాకా ఆకు. తొట్టెలో మాకు తొమ్మిది అడుగుల దగ్గర ఆగింది. నర్సరీలో పేర్లు నమ్మకండి, 'ఈ రకం నేలలో పెట్టిన పెద్ద పొద ఎక్కడైనా ఉంటే చూపించండి' అని అడగండి. కడియం నుంచి లారీలో దిగిన కవరు మొక్కలు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కణుపుల మధ్య బొజ్జలు ఉబ్బే బుద్ధా బెల్లీ కూడా కుండీలో అందంగా ఉంటుంది. ఆ బొజ్జలు కుండీ ఇరుకుకూ, నీటి ఎద్దడికీ వచ్చేవే, నేలలో పెడితే అది కూడా నిటారుగా పెరిగిపోతుంది. లాఠీలు చేసే వెదురు, 'సాధనం' అంటారు, మన కొండల్లాంటి ఎండు అడవుల రకమే, కానీ అది పొలం గట్టుకు బాగుంటుంది, సందుకు కాదు. పైగా శేషాచలం నుంచి పిలక తవ్వి తెచ్చే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. సొంత భూమిలో పెంచే వెదురును 2017లో కేంద్రం అటవీ చట్టాన్ని సవరించి 'చెట్టు' లెక్కలోంచి తీసేసింది గానీ, అడవిలో వెదురు అడవిదే.

తొట్టె సంగతి. సందు పొడవునా అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు ఇటుక తొట్టె కట్టించాను. అడుగున కడప బండలు పరిపించాను, లేకపోతే దుంప కిందికి దిగి మళ్లీ గోడ వైపే వెళ్తుంది. ప్రహరీకి ఆనించకుండా నాలుగు అంగుళాలు వదిలాను. నీళ్లు పోయే బెజ్జాలు మనం నడిచే వైపుకే ఉండాలి, ఎందుకంటే పిలక ఏదైనా దూరి వస్తే కంటికి కనపడాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దిబ్బెరువు, కొంచెం ఇసుక. మూడడుగులకొక మొక్క. మిద్దె మీద పెడదామనుకుంటే మాత్రం బరువు చూసుకోండి. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండా తడిమట్టి అంటే మూడు వందల కిలోలకు పైమాటే, దూలం మీదో గోడ మీదో వచ్చేటట్టు పెట్టాలి.

నాటడానికి ఆషాఢ శ్రావణాలు మంచివి. మన పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో కదా, అప్పటికి వేరు పట్టుకుని ఉంటుంది.

నీళ్ల విషయం ఆకే చెబుతుంది. దాహం వేస్తే ఆకు పొడవునా లోపలికి చుట్టుకుని సూది లాగా అవుతుంది. మధ్యాహ్నం చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే పరవాలేదు. పొద్దున కూడా చుట్టుకునే ఉంటే తొట్టె ఎండిపోయినట్టే. ఏప్రిల్, మేలో నేను రెండు పూటలా పోస్తాను. మట్టి మీద చెనిక్కాయ పొట్టు నాలుగు అంగుళాల మందాన పరుస్తాను, మన వైపు దానికి కొదవా? రాలిన వెదురాకులు కూడా ఊడ్చి పారేయకండి, అక్కడే ఉంచితే మెల్లగా ఎరువవుతాయి. నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని, ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని ఏడాది పాటు దీనికే మళ్లించడం. ఆ నీళ్లలో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి. ఆకుల కొసలన్నీ కాలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. ఆ నీళ్లు వాకిలి కడగడానికి వాడుకోండి.

ఏడాదికి ఒకసారి, వేసవి రాకముందే, మూడేళ్లు దాటిన గడలను తీసేయాలి. తొట్టె మధ్యలో ఉండేవే ముసలివి, అంచున ఉండేవి లేతవి. చాలామంది కత్తి అందే చోట కోస్తారు, అంటే లేతవే పోతాయి, తర్వాతి ఏడు పొద నీరసిస్తుంది. కణుపుకు సరిగ్గా పైన, మొండెం మీద గుంత మిగలకుండా రంపంతో కోయండి. రెండు కణుపుల మధ్య కోస్తే గిన్నె మాదిరి నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. నేను మొదట్లో అలా కోసి, ఇంట్లో దోమలెక్కడివని వారం రోజులు వెతికాను.

పాముల గురించి మీ అత్తగారి భయం పూర్తిగా తీసిపారేసేది కాదు. పాము వెదురు కోసం రాదు, పొదలో ఎలుకలుంటే వాటి కోసం వస్తుంది. మొదలు నుంచి రెండడుగుల దాకా పక్క కొమ్మలు కోసేసి, అవతలి గోడ కనిపించేలా ఉంచండి. మాకు ఇంతవరకు తొండలు తప్ప ఏమీ రాలేదు.

పాడె సంగతి మా ఇంట్లోనూ వచ్చింది. మా అమ్మే తేల్చేసింది: 'పెళ్లికూతుర్ని కూర్చోబెట్టే గంప దేంతో అల్లుతారు మరి?' అని. మా వీధిలో సంస్కృతం చెప్పే అయ్యవారు ఇంకో ముక్క కలిపారు, వంశం అనే మాటకు వెదురు అని కూడా అర్థం ఉందట. మీ అత్తగారికి ఇది చెప్పి చూడండి, మా వాళ్లకు బాగా పనిచేసింది.

ఇక లక్కీ బాంబూ. అది అసలు వెదురే కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా. కణుపులు చూసి ఆ పేరు పెట్టారు. కాబట్టి దాన్ని తీసుకెళ్లి ఎండలో పెట్టకండి, మాడిపోతుంది. కిటికీకి దూరంగా వెలుతురు చాలు. కొళాయి, బోరు నీళ్లు ఆపి, ఏసీ నుంచి కారే నీళ్లో వాన నీళ్లో పోయండి, వారానికొకసారి మార్చండి. ఆకు మాత్రమే పసుపు రంగుకు తిరిగితే ఇంతటితో సర్దుకుంటుంది. కాడ కూడా పసుపు రంగుకు తిరిగి మెత్తబడితే అది ఇక బతకదు. పైన ఆకుపచ్చగా గట్టిగా ఉన్న ముక్కను కోసి వేరే గ్లాసులో పెట్టండి. నెల రోజుల్లో వేళ్లు రాకపోతే కొత్తది కొనుక్కోండి.